పడుకున్న మనిషి ఖర్చు: హుడ్ క్యాలరీమీటర్ ప్రాజెక్టు డైరీ

కదలకుండా పడుకున్న అరవై కిలోల మనిషి నిమిషానికి సుమారు 200 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటాడు, 170 మి.లీ. దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఈ రెండు అంకెలు దొరికితే శాస్త్రవేత్త వీర్ 1949లో ఇచ్చిన సూత్రంతో అతని ఒళ్లు ఖర్చు చేసే శక్తి లెక్క తేలిపోతుంది (ఆ ఖర్చును కొలిచే పరికరమే క్యాలరీమీటర్):

నిమిషానికి కిలోక్యాలరీలు = 3.941 × ఆక్సిజన్ (లీటర్లు) + 1.106 × కార్బన్ డయాక్సైడ్ (లీటర్లు)

మూత్రంలో పోయే నత్రజని లెక్క వదిలేసినా మామూలు తిండి తినేవాళ్లలో తేడా 1–2 శాతం దాటదు. కాబట్టి వదిలేశాం.

సూత్రం తేలికే. తల మీద పారదర్శకమైన హుడ్ (తలను కప్పే పెట్టె) పెట్టి, దానిలోంచి నిమిషానికి 28 లీటర్ల గాలి లాగితే, ఆక్సిజన్ 20.94 శాతం నుంచి 20.23కి దిగుతుంది. అంటే తేడా 0.71. ఈ డైరీ అంతా ఆ 0.71ని కాపాడుకునే గొడవే.

పని జరిగింది హైదరాబాదులో. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు, గాలి పీడనం 950 హెక్టాపాస్కళ్ల చుట్టూ ఉంటుంది. విజయవాడలోనో విశాఖలోనో చేసేవాళ్లకు అది 1010 దగ్గర ఉంటుంది. కింద పీడనం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా మీ ఊరి అంకె వేసుకోండి. ఇది వైద్య పరికరం కాదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద, పిల్లల మీద వాడకండి.

దశ 1: హుడ్, గాలి లాగడం (1–2 వారాలు)

మొదటి హుడ్ 20 లీటర్ల నీళ్ల డబ్బా. అడుగు కోసి, అంచుకు ట్యూబు చీల్చి తొడిగాం. పది నిమిషాలకే లోపల ఆవిరి పట్టింది. డబ్బా గాడుల వల్ల బయటి దృశ్యం వంకర్లు పోయి, పడుకున్నవాళ్లకు తల తిరిగినట్టుంది. ఇబ్బందిపడే మనిషిని కొలిస్తే వచ్చేది విశ్రాంతి లెక్క కాదు. పక్కన పడేశాం.

రెండోది 3 మి.మీ. అక్రిలిక్ పెట్టె: 40 × 35 × 30 సెం.మీ., 42 లీటర్లు. మెడ వైపు తెరిచి, అక్కడ టేబుల్ మీద పరిచే మెత్తటి పారదర్శక షీటు పావడాలా వేలాడదీశాం. దాన్ని ఛాతీ మీద వదులుగా పరుస్తాం, ఒంటి కిందికి దోపం.

హుడ్ పెద్దదైతే స్పందన మందగిస్తుంది. ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే కాలస్థిరాంకం వస్తుంది: 42 ÷ 28 = 1.5 నిమిషాలు. మార్పులో 95 శాతం కనబడటానికి దానికి మూడు రెట్లు, అంటే నాలుగున్నర నిమిషాలు పడుతుంది. అందుకే మొదటి పది నిమిషాల రీడింగులు ఎప్పుడూ చెత్తబుట్టకే.

గాలి లాగడానికి ముందు 120 మి.మీ. కంప్యూటర్ ఫ్యాను పెట్టాం. ఖాళీగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా తిరిగింది. దుమ్ము ఫిల్టరూ రెండు మీటర్ల 22 మి.మీ. గొట్టమూ తగిలించగానే ప్రవాహం 9 లీటర్లకు పడిపోయింది. ఇలాంటి ఫ్యానుకు పీడనం పుట్టించే సత్తా ఉండదు. సీప్యాప్ (నిద్రలో ఊపిరికి సాయపడే) యంత్రాల్లో ఉండే రకం సెంట్రిఫ్యూగల్ బ్లోవర్ (12 వోల్టులు), స్పీడ్ కంట్రోలర్ కొన్నాక 15 నుంచి 60 లీటర్ల దాకా ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడింది.

వరుస ఇది, మార్చకండి: హుడ్ → గొట్టం → నమూనా తీసే టీ (T ఆకారపు జాయింటు) → ఫ్లో మీటర్ → బ్లోవర్ → కిటికీ బయటికి.

బ్లోవర్ చివర ఉండి లాగుతుంది కాబట్టి హుడ్‌లో గాలి పీడనం గదికన్నా రవ్వంత తక్కువ. అందువల్ల హుడ్ దగ్గర చిల్లున్నా గదిగాలి లోపలికే వస్తుంది, ఊపిరి బయటికి పోదు, లెక్క చెడదు. టీకీ ఫ్లో మీటర్‌కీ మధ్య లీకైతే ప్రవాహం ఎక్కువ చూపించి లెక్క పెరుగుతుంది. నమూనా గొట్టంలో లీకైతే నమూనా పలచబడి లెక్క తగ్గుతుంది, పైగా ఏ అలారమూ మోగదు. ఫ్లో మీటర్ దాటాక ఎంత లీకైనా పట్టించుకోనక్కర్లేదు. మొదటి వారంలో హుడ్ అంచులకు సిలికోన్ రాస్తూ కూర్చున్నాం. అది వృథా శ్రమ.

హుడ్ పరీక్షకు అగరుబత్తి చాలు:

1. బ్లోవర్ 28 లీటర్ల దగ్గర నిలపండి.
2. సీలింగ్ ఫ్యాను ఆపండి.
3. పావడా అంచు చుట్టూ వెలిగించిన అగరుబత్తి తిప్పండి.
4. పొగ అన్ని వైపులా లోపలికే పోవాలి. ఒక్కచోట బయటికి తేలినా అక్కడ షీటు సర్దండి.

సీలింగ్ ఫ్యాను 2వ స్పీడులో తిరుగుతుంటే షీటు ఎగిరి పొగ రెండు వైపులా కొట్టింది. అప్పటి నుంచి కొలత సమయంలో ఫ్యాను బంద్.

ఖర్చు: డబ్బా 250, కంప్యూటర్ ఫ్యాను 400, అక్రిలిక్ పెట్టె 2,300, బ్లోవర్ 2,900, గొట్టం 650, షీటు, టేపు 300.
ఇప్పటివరకు మొత్తం: రూ. 6,800. అందులో వృథా: రూ. 650.

దశ 2: ప్రవాహం (3వ వారం)

వాడింది ఎస్‌ఎఫ్‌ఎం3000 మాస్ ఫ్లో మీటర్. వచ్చే అంకెలోంచి 32000 తీసేసి 140తో భాగిస్తే నిమిషానికి ప్రామాణిక లీటర్లు (ఒక నిర్ణీత ఉష్ణోగ్రత, పీడనం దగ్గరికి మార్చిన లీటర్లు). ఆ ‘ప్రామాణిక’ అన్న మాట దగ్గరే కాలు జారింది. ఈ మీటర్ ప్రామాణికం 20 డిగ్రీలు. వీర్ సూత్రానికి కావలసింది 0 డిగ్రీలు, 760 మి.మీ. పాదరస పీడనం, పొడి గాలి. డేటాషీటులో రాసే ఉంది, చదివి కూడా దాటేశాం. దహన పరీక్ష (దశ 5) దాకా ఇది బయటపడలేదు.

సరైన వరుస:

1. మీటర్ అంకెను 0.932తో గుణించండి (273.15 ÷ 293.15).
2. మీటర్ దగ్గర ఉష్ణోగ్రత, తేమ కొలిచి నీటి ఆవిరి వాటా తీసేయండి. 27 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే ఆవిరి పీడనం 2.5 కిలోపాస్కళ్లు. 95 కిలోపాస్కళ్లలో అది 2.6 శాతం. కాబట్టి 0.974తో గుణించండి.
3. టీ దగ్గర నమూనా పంపు లాక్కునే గాలి మీటర్‌లోకి రాదు. మా పంపుది 0.4 లీటర్లు. 28లో అది 1.4 శాతం. కలపండి, లేదా నమూనా గాలిని మీటర్‌కు ముందే తిరిగి గొట్టంలోకి వదలండి. మేం తిరిగి వదిలాం.

ఉదాహరణకు మీటర్ 30.9 చూపితే అసలు పొడి ప్రవాహం 28.0. మొదటి రెండూ మర్చిపోతే పది శాతం ఎక్కువ.

ఖర్చు: 8,900.
ఇప్పటివరకు మొత్తం: రూ. 15,700. వృథా: రూ. 650.

దశ 3: సెన్సర్లు (4–6 వారాలు)

కార్బన్ డయాక్సైడ్ సంగతి తొందరగా తేలింది. ఎస్‌సీడీ30 పరారుణ సెన్సర్ 10,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని అన్న లెక్క) దాకా నమ్మకంగా కొలుస్తుంది. హుడ్‌లో ఉండేది 6,500 చుట్టూ. 5,000 దగ్గర ఆగిపోయే చవక సెన్సర్లు ఇక్కడ పనికిరావు. రెండు సెట్టింగులు తప్పనిసరి:

1. ఆటోమేటిక్ సెల్ఫ్ క్యాలిబ్రేషన్ ఆపేయండి. అది వారంలో కనబడిన అతి తక్కువ అంకెను బయటిగాలి కింద, అంటే 400గా లెక్కేసుకుంటుంది. మూసిన పడకగదిలో గాలి 620 కన్నా దిగకపోతే అన్ని అంకెలూ 220 కిందికి జరిగిపోతాయి.
2. స్థానిక పీడనం రాయండి. పరారుణ సెన్సర్ లెక్కపెట్టేది అణువుల సాంద్రతను. 950 హెక్టాపాస్కళ్ల ఊళ్లో ఇది చెప్పకపోతే 6 శాతం తక్కువ చూపిస్తుంది.

ఇక ఆక్సిజన్. గాల్వానిక్ సెల్ (ఆక్సిజన్‌ను బట్టి వోల్టేజి పుట్టించే సెన్సర్) గదిగాలికి 12 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే ఒక్క శాతం ఆక్సిజన్‌కు 0.57 మి.వో. వోల్టేజిని అంకెగా మార్చడానికి మొదట పెట్టిన ఏడీఎస్1115 కన్వర్టర్ అతి చిన్న పరిధిలో కూడా ఒక మెట్టుకు 7.8 మైక్రోవోల్టులు. ఆక్సిజన్‌లో అది 0.0136. మన 0.71లో ఒక్క మెట్టే 1.9 శాతం. గ్రాఫు మెట్లబావిలా కనిపించింది. సగటు తీస్తే కొంత మెరుగుపడింది కానీ, మెట్టు అంచున నిలబడ్డ రోజు ఏ సగటూ ఆదుకోలేదు.

ఏడీఎస్1220కి మారాం: 24 బిట్లు, గెయిన్ (సంకేతాన్ని పెంచే రెట్లు) 128, సెకనుకు 20 నమూనాలు. ఆ వేగంలో కరెంటు తీగల 50 హెర్ట్‌జ్ రొద దానంతటదే వడకట్టబడుతుంది. మొదటి రోజు అంకెలు పిచ్చిపట్టినట్టు ఎగిరాయి. సెల్ నెగటివ్ కాలును గ్రౌండ్‌కు కలపడమే కారణం. ఆ గెయిన్‌లో రెండు ఇన్‌పుట్లూ గ్రౌండ్‌కు అంటుకుని ఉండకూడదు. రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో 3.3 వోల్టులను సగం చేసి, నెగటివ్ కాలును ఆ 1.65 దగ్గర కట్టాక కుదురుకుంది.

తర్వాత ఇంకో అల. ఆక్సిజన్ అంకె పన్నెండు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతోంది. ఏసీ కంప్రెసర్ ఆన్, ఆఫ్ అయ్యే వేళలతో పోల్చితే అచ్చం సరిపోయింది. సెల్‌లో థర్మిస్టర్ ఉన్నా అది మొరటు సవరణే. సెల్‌నీ కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌నీ థర్మోకోల్ పెట్టెలో పెట్టి, 5 వాట్ల రెసిస్టర్‌తో 38 డిగ్రీల దగ్గర నిలిపాం. ఊపు పోయింది. పెట్టె వేడెక్కి నిలకడకు రావడానికి గంటన్నర పడుతుంది. అంతకుముందు తీసిన రీడింగు లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా మొండిది పీడనం. సెల్ కొలిచేది ఆక్సిజన్ శాతం కాదు, పాక్షిక పీడనం. ఒక్క హెక్టాపాస్కల్ తేడా వస్తే ఆక్సిజన్ 0.022 కదులుతుంది. 0.71 మీద అది 3 శాతం తప్పు. హుడ్ గొట్టం నుంచి గదిగాలి గొట్టానికి వాల్వు (దశ 4లో వస్తుంది) తిప్పినప్పుడల్లా సెన్సర్ గదిలో, అంటే సెన్సర్లున్న చిన్న అరలో, 0.6 హెక్టాపాస్కల్ మారుతోందని పీడనం కొలిచే బీఎంఈ280 లోపల పెట్టాక గానీ తెలియలేదు. అంతకుముందు పదిహేను రోజుల రీడింగులన్నీ ఈ ఒక్క కారణంతో కొట్టేశాం. మార్చినవి:

1. పంపును సెన్సర్లకు ముందు పెట్టాం, వెనక కాదు. గాలిని పీల్చడం మాని నెట్టడం.
2. సెన్సర్ గది నుంచి బయటికి పోయే గొట్టం పొట్టిగా, 8 మి.మీ. వెడల్పుతో.
3. దుమ్ము ఫిల్టరు పంపుకు ముందే.
4. మిగిలిన తేడాను బీఎంఈ280 అంకెతో ప్రతి సెకనూ సవరించడం.

(దశ 2లో నమూనాను గొట్టంలోకి తిరిగి వదిలామని రాశాం కదా. ఈ మూడు నాలుగు మార్పులతో అదీ మారింది. ఇప్పుడు బయటికే వదులుతున్నాం, 0.4 లీటర్లు లెక్కలో కలుపుతున్నాం.)

ఖర్చు: కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ 5,200, ఆక్సిజన్ సెల్ 6,400, ఏడీఎస్1115 300, ఏడీఎస్1220 1,100, ఈఎస్‌పీ32 (అన్నిటినీ నడిపే బోర్డు) 450, బీఎంఈ280 350.
ఇప్పటివరకు మొత్తం: రూ. 29,500. వృథా: రూ. 950.

దశ 4: తేమ, గదిగాలి (7వ వారం)

గదిలో తేమ 50 శాతం, హుడ్‌లో 70. ఈ 20 శాతం తేడా 27 డిగ్రీల దగ్గర 0.7 కిలోపాస్కల్ ఆవిరి. ఆ ఆవిరి ఆక్సిజన్‌ను 0.16 మేర పలచన చేస్తుంది. మనిషి వాడుకోని ఆక్సిజన్‌ను వాడుకున్నట్టు చూపిస్తుంది, అదీ అసలు సంకేతంలో ఐదో వంతుకు పైగా.

ఆరబెట్టకుండా తేమ సెన్సర్‌తో లెక్కగట్టి తీసేయొచ్చు కదా అని అనిపిస్తుంది. సెన్సర్‌లో 2 శాతం తేమ తప్పుంటే 30 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌లో 0.019 తప్పు, అంటే ఫలితంలో రెండున్నర శాతానికి పైనే. ఆరబెట్టడమే మేలు.

సిలికా జెల్ 100 గ్రాముల గొట్టం పెట్టాం. తేమ పోయింది, కానీ వాల్వు తిప్పాక కార్బన్ డయాక్సైడ్ నిలకడకు రావడానికి ఆరేడు నిమిషాలు తీసుకుంది. సిలికా జెల్ ఆ వాయువును కూడా కొంచెం పట్టుకుని మెల్లగా వదులుతుంది. కాల్షియం క్లోరైడ్ పొట్లాలు చవకే గానీ తడిసి కరిగి ద్రవం పంపులోకి పాకుతుంది, దాని జోలికి పోలేదు. చివరికి నిర్జల కాల్షియం సల్ఫేట్ గుళికలు 30 గ్రాములు, 12 మి.మీ. గొట్టంలో, రెండు చివరలా దూది. ఒకటిన్నర నిమిషంలో నిలకడ. రంగు మారే రకం తీసుకోండి. గొట్టంలో మూడింట రెండు వంతులు రంగు మారగానే మార్చేయాలి. ఓవెన్‌లో 210 డిగ్రీల దగ్గర గంటసేపు కాలిస్తే మళ్లీ పనికొస్తాయి.

గదిగాలి సంగతి. 30 ఘనమీటర్ల మూసిన గదిలో పరీక్ష చేసేవాళ్లు ఒక్కరు కూర్చున్నా కార్బన్ డయాక్సైడ్ నిమిషానికి 6–7 పీపీఎం పెరుగుతుంది, గంటకు 400. హుడ్ సంకేతం 6,000. మొదట ఒకసారి గదిగాలి కొలిచి గంటసేపు అదే వాడితే చివరికి ఆరేడు శాతం తప్పు. అందుకే మూడు దారుల సొలినాయిడ్ (కరెంటుతో తిరిగే) వాల్వుతో ప్రతి 15 నిమిషాలకూ 3 నిమిషాలు గదిగాలి కొలుస్తున్నాం, మధ్యలో సరళరేఖ గీస్తున్నాం. బ్లోవర్ గాలి కిటికీ బయటికి పోవాలన్నది కూడా ఇందుకే.

ఒక ఉదయం 6.40కి గదిగాలి అంకె 300 పీపీఎం ఎగిరింది. పక్కనే వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగింది, కాఫీకి. పొయ్యి కార్బన్ డయాక్సైడ్ పెంచడమే కాదు, ఆక్సిజన్ కూడా తింటుంది. పరీక్ష అయ్యేదాకా పొయ్యి వెలిగించొద్దని తలుపుకు కాగితం అంటించాం. కాఫీ ఆలస్యమైతే ఇంట్లో ఎవరి పీడనం ఎంత పెరుగుతుందో కొలిచే సెన్సర్ మా దగ్గర లేదు.

ఖర్చు: పంపు 750, వాల్వులు రెండు 1,200, సిలికా జెల్ 200, కాల్షియం సల్ఫేట్ 1,350, ఫిల్టర్లు, సన్న గొట్టాలు 400.
ఇప్పటివరకు మొత్తం: రూ. 33,400. వృథా: రూ. 1,150.

దశ 5: దహన పరీక్ష (8–9 వారాలు)

ఈ దశ చేయకుండా మనిషి తల మీద హుడ్ పెట్టకండి. తెలిసిన బరువు ఆల్కహాల్ కాల్చి, ఎంత ఆక్సిజన్ పోయిందో ఎంత కార్బన్ డయాక్సైడ్ వచ్చిందో లెక్కతో పోల్చడమే పరీక్ష. ప్రయోగశాలల్లో ఇథనాల్, మిథనాల్ వాడతారు. శుద్ధ ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి, మిథనాల్ విషం. అయితే ఒక వెసులుబాటు ఉంది: ఈ సాదా ఆల్కహాళ్లలో ఏది కాల్చినా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కీ పోయే ఆక్సిజన్‌కీ నిష్పత్తి (ఆర్‌క్యూ) 0.667. కాబట్టి సర్క్యూట్ బోర్డులు తుడిచే 99.9 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. మందుల షాపులో దొరికే 70 శాతానిది వద్దు, అందులో నీళ్లుంటాయి.

ఒక గ్రాముకు: ఆక్సిజన్ 1.678 లీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 1.119 లీటర్లు.

అక్రిలిక్ హుడ్‌లో మంట పెట్టకూడదు, కరిగిపోతుంది. దాని బదులు మూతకు రంధ్రం చేసిన స్టీలు బియ్యం డబ్బా. నిమిషానికి 0.15–0.18 గ్రాములు కాలితే మనిషి వదిలేంత వాయువు వస్తుంది. వేడి 90 వాట్ల దగ్గర ఉంటుంది. పడుకున్న మనిషిది 70 చుట్టూ.

1. చిన్న గాజు దీపంలో సన్న వత్తి, 5 మి.మీ. బయటికి.
2. 0.01 గ్రాము తూచే త్రాసు మీద మూతతో సహా తూచండి.
3. వెలిగించి, డబ్బా మూసి, సరిగ్గా 20 నిమిషాలు.
4. ఆర్పగానే మూత పెట్టి తూచండి. మూత లేని వత్తి నుంచి నిమిషానికి 0.02 గ్రాము దాకా ఆవిరవుతుంది.
5. ఆర్పాక ఇంకో 8 నిమిషాలు రీడింగు నడవనివ్వండి, డబ్బాలో మిగిలింది బయటికి రావాలి.
6. వేడి దీపంలో ఆల్కహాల్ పోయొద్దు. పక్కన తడి గోనెసంచి ఉంచండి.

మొదటి దహనం: ఆక్సిజన్ 110 శాతం, కార్బన్ డయాక్సైడ్ 103 శాతం, ఆర్‌క్యూ 0.62.

కార్బన్ డయాక్సైడ్ దాదాపు సరిగానే ఉంది కదా అని తప్పంతా ఆక్సిజన్ సెల్ మీదికి నెట్టి నాలుగు రోజులు దాన్ని పీకి పెట్టాం. సెల్ తప్పేమీ లేదు. ఫ్లో మీటర్ 20 డిగ్రీల లెక్క, ఆవిరి లెక్క కలిసి పది శాతం పెంచుతున్నాయి. పీడనం రాయని కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఆరు శాతం తగ్గిస్తోంది. ఒక వాయువులో రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని మంచి అంకెలా కనిపించాయి. (దశ 3లో పీడనం రాయమని చెప్పింది ఈ దెబ్బ తిన్నాకే.) గుట్టు విప్పింది ఆర్‌క్యూ. ప్రవాహం తప్పైతే రెండు వాయువులూ ఒకే వంతున పెరుగుతాయి, ఆర్‌క్యూ కదలదు. ఆర్‌క్యూ కదిలిందంటే గ్యాస్ సెన్సర్లలో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది.

ఫ్లో సరిచేశాక: ఆక్సిజన్ 100, కార్బన్ డయాక్సైడ్ 94. పీడనం రాశాక అదీ 99కి వచ్చింది.

మధ్యలో ఒక దహనం 96, 94 ఇచ్చింది. డబ్బా మూత లోపల మసి. వత్తి లావైతే ఐసోప్రొపైల్ మంట పసుపుపచ్చగా పెరిగి మసి కక్కుతుంది, కార్బన్ పూర్తిగా కాలదు. వత్తి సన్నం చేశాం.

లెక్కలోకి తీసుకున్న మూడు:

- 3.42 గ్రాములు: ఆక్సిజన్ రావలసింది 5.74, వచ్చింది 5.63 (98.1 శాతం). కార్బన్ డయాక్సైడ్ 3.83కి 3.78 (98.7). ఆర్‌క్యూ 0.671
- 3.66 గ్రాములు: 6.14కి 6.21 (101.1). 4.10కి 4.06 (99.0). ఆర్‌క్యూ 0.654
- 3.10 గ్రాములు: 5.20కి 5.11 (98.3). 3.47కి 3.44 (99.1). ఆర్‌క్యూ 0.673

97–103 మధ్య ఉంటే చాలనుకున్నాం, ఉన్నాయి.

ఖర్చు: ఆల్కహాల్ 480, త్రాసు 700, డబ్బా 520.
ఇప్పటివరకు మొత్తం: రూ. 35,100. వృథా: రూ. 1,150.

దశ 6: కరెంటు పోతే (10వ వారం)

బ్లోవర్ ఆగితే 42 లీటర్ల హుడ్‌లో కార్బన్ డయాక్సైడ్ రెండున్నర నిమిషాల్లో ఒక శాతం పెరుగుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా మారే క్షణంలో ఈఎస్‌పీ32 రీసెట్ అయి బ్లోవర్ నిలిచిపోయింది, ఖాళీ హుడ్‌తో చేసిన పరీక్షలోనే. అందుకని:

1. బ్లోవర్‌కు, బోర్డుకు విడిగా 12 వోల్టుల బ్యాటరీ. కరెంటు దాన్ని చార్జ్ మాత్రమే చేస్తుంది.
2. ప్రవాహం 15 లీటర్ల కన్నా తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ 10,000 పీపీఎం తాకినా బజర్.
3. బోర్డు చచ్చిపోతే కూడా బజర్ మోగాలి. రిలేను బోర్డు పట్టి ఉంచేలా, వదిలితే మోగేలా కట్టండి.
4. మేల్కొని ఉన్న మనిషి ఒకరు పక్కనే, ఎప్పుడూ. హుడ్‌కు ఏ కట్టూ, ఏ క్లిప్పూ ఉండకూడదు. తలతో నెడితే పడిపోవాలి.

ఖర్చు: బ్యాటరీ 1,900, బజర్, రిలే 200.
ఇప్పటివరకు మొత్తం: రూ. 37,200. వృథా: రూ. 1,150.

దశ 7: మెలకువగా విశ్రాంతి (11–12 వారాలు)

ఉదయం లేవగానే, పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్లు తప్ప ఏమీ తాగకుండా. గది 26 డిగ్రీలు. 30 నిమిషాలు ఊరికే పడుకోవడం, ఆ తర్వాత హుడ్ కింద 30. మొదటి పది వదిలేసి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండింటి ఊగిసలాట 10 శాతం లోపు ఉన్న ఐదు వరుస నిమిషాలు దొరికితే ఆ సగటు తీసుకుంటాం. ఫోను చూస్తే నిలకడ రాదు. కునుకు తీస్తే అంకె దిగుతుంది. ఆర్‌క్యూ 1 దాటితే కంగారుగా ఎక్కువ ఊపిరి తీస్తున్నట్టు, 0.67 కన్నా దిగితే లీకో సెన్సరో.

34 ఏళ్ల, 62 కిలోల పురుషుడి రీడింగు, లెక్కతో సహా:

- బయటికి పోయే పొడి ప్రవాహం: 28.0
- గదిగాలి: ఆక్సిజన్ 20.94, కార్బన్ డయాక్సైడ్ 0.05 శాతం
- హుడ్: ఆక్సిజన్ 20.23, కార్బన్ డయాక్సైడ్ 0.65 శాతం
- లోపలికి వచ్చిన ప్రవాహం: 28.0 × (100 − 20.23 − 0.65) ÷ (100 − 20.94 − 0.05) = 28.04
- ఆక్సిజన్: 28.04 × 0.2094 − 28.0 × 0.2023 = 0.207
- కార్బన్ డయాక్సైడ్: 28.0 × 0.0065 − 28.04 × 0.0005 = 0.168
- ఆర్‌క్యూ 0.81
- శక్తి: నిమిషానికి 1.00, రోజుకు 1,442 కిలోక్యాలరీలు

నాలుగో వరుసే హాల్డేన్ సవరణ. మనిషి నత్రజనిని వాడడు, పుట్టించడు కాబట్టి లోపలికి వెళ్లిందీ బయటికి వచ్చిందీ సమానం అన్న పట్టు మీద నడుస్తుంది. 28.04కీ 28.0కీ తేడా ఏముంది లెమ్మని వదిలేస్తే ఆక్సిజన్ 0.199 వస్తుంది, నాలుగు శాతం తక్కువ. చేత్తో వేసేటప్పుడు 28.04 దగ్గర ఆగకుండా 28.039 దాకా వేసుకోండి. పెద్ద అంకెలోంచి పెద్ద అంకె తీసేచోట మూడో దశాంశం కూడా బరువే.

బరువును బట్టి విశ్రాంతి ఖర్చును అంచనా వేసే 1985 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) సూత్రం ఇదే మనిషికి 1,598 చెబుతుంది. భారతీయులకు అది ఎక్కువ చూపిస్తోందని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 5 శాతం తగ్గించిన రూపం (30–60 ఏళ్ల పురుషులకు 10.9 × బరువు + 833) 1,509 ఇస్తుంది. మన కొలత దానికన్నా ఇంకో నాలుగు శాతం కింద ఉంది, అది యంత్రానికి మనం పెట్టుకున్న 3 శాతం హద్దుకు కాస్త అవతల. ఒక్క మనిషితో ఏ సూత్రాన్నీ తప్పు పట్టలేం.

నాలుగు ఉదయాల్లో అదే మనిషికి: 1,442, 1,468, 1,431, 1,455. మొత్తం తేడా రెండున్నర శాతం.

దశ 8: నిద్ర (13–15 వారాలు)

అక్రిలిక్ పెట్టెలో ఎవరూ నిద్రపోలేరు, పక్కకు ఒత్తిగిలితే భుజం తగులుతుంది. 20 మి.మీ. పీవీసీ పైపులతో 60 × 60 × 50 సెం.మీ. చట్రం చేసి, మందపాటి షీటు బిగుతుగా తొడిగాం. వదులు షీటు వద్దే వద్దు, ముఖానికి అంటుకుంటే ప్రాణాపాయం. 180 లీటర్లు, ప్రవాహం 40, కాలస్థిరాంకం నాలుగున్నర నిమిషాలు. నిమిషం నిమిషం మార్పు ఇందులో కనబడదు, 15 నిమిషాల సగటులే నమ్మాలి. లోపలి గాలి మార్పు వేగాన్ని 180తో గుణించి కలిపితే స్పందన చురుకవుతుంది. కానీ ఆక్సిజన్‌లో 0.005 రొద ఉన్నా నిమిషానికి 9 మి.లీ. దొంగ సంకేతం పుడుతుంది. ప్రయత్నించి మానేశాం.

ప్రవాహం 40కి పెరగడంతో ఆక్సిజన్ తేడా 0.5కి పడిపోయింది. పైన రాసిన తప్పులన్నీ ఇక్కడ అదే వంతున పెరుగుతాయి.

మొదటి రాత్రి: భోజనం 9కి, కొలత 11 నుంచి 1 దాకా. నిమిషానికి 1.03 కిలోక్యాలరీలు. తెల్లారి మెలకువగా 1.00. నిద్రలో ఎక్కువా? తిన్నది అరిగించే ఖర్చు ఐదారు గంటలు సాగుతుంది. నిద్రలో తగ్గినదాన్ని అదే కప్పేసింది.

రెండో రాత్రి నుంచి: భోజనం సాయంత్రం 6.30కి, తేలికగా. కొలత 2 నుంచి 5 దాకా. పోలిక అదే తెల్లవారి 6.30కి, అదే చట్రం కింద, మెలకువగా.

- రెండో రాత్రి: 0.94, ఉదయం 1.00. తగ్గుదల 6 శాతం
- మూడో రాత్రి: కొట్టేశాం. తలుపు తెరిచి మూయడంతో గదిగాలి 15 నిమిషాల్లో 180 పీపీఎం మారింది, సరళరేఖ గీత సరిపోలేదు
- నాలుగో రాత్రి: 0.93, ఉదయం 1.01. తగ్గుదల 8 శాతం

మెలకువ విశ్రాంతి కన్నా నిద్రలో 5–10 శాతం తక్కువ ఉంటుందన్నది చాలాకాలంగా తెలిసిన సంగతే. ఒకే రాత్రి, ఒకే గాలి, ఒకే సెల్‌తో పోల్చాం కాబట్టి ఈ తేడా నిలుస్తుంది. విడి రోజుల అంకెలు పోలిస్తే నిలవదు. ఒత్తిగిలిన పది నిమిషాలు కొట్టేస్తూ పోతే మూడు గంటల్లో వాడదగినది గంటా యాభై నిమిషాలు మిగిలింది. రాత్రంతా కావాలంటే గదినే హుడ్‌గా మార్చిన క్యాలరీమీటర్లు వేరే ఉన్నాయి. ఆట్‌వాటర్, రోజా 1890లలో కట్టింది ఆ జాతిదే.

ఖర్చు: పైపులు, షీటు 900.
ఇప్పటివరకు మొత్తం: రూ. 38,100. వృథా: రూ. 1,150.

15వ వారం చివర స్థితి

ఆక్సిజన్ సెల్ కొత్తలో గదిగాలికి 12.1 మి.వో. ఇచ్చింది, ఇప్పుడు 11.7. సెల్ వాడినా వాడకపోయినా అరుగుతుంది. పెట్టెలో 38 డిగ్రీల వేడి ఆయుష్షును ఇంకా తగ్గిస్తుంది. అందుకే హీటరు ఎప్పుడూ వేసి ఉంచకుండా, ఇప్పుడు పరీక్షకు రెండు గంటల ముందు మాత్రమే వేస్తున్నాం. సెల్ మార్చిన రోజు మూడు దహనాలూ మళ్లీ చేయాలి. కాల్షియం సల్ఫేట్ గొట్టం ఒక్కో రాత్రికి ఒకటి చొప్పున పోతోంది, నాలుగు కాల్చి సిద్ధంగా పెట్టాం.